కోళ్లను కోయకండి, ముందు కుడితి గోలెం దగ్గరికి వెళ్లి చూడండి

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. ఇంట్లో తొమ్మిది కోళ్లున్నాయి. ఆరు వనరాజా, మూడు నాటువి. ఒక పాడి బర్రె ఉంది. కోళ్లు కూడా రాత్రిళ్లు బర్రె కొట్టంలోనే పడుకుంటాయి. రెండేళ్లుగా మేం గుడ్లు కొనలేదు. కానీ నెల రోజుల నుంచి గుడ్లు మారిపోయాయి. పగలగొడితే పచ్చసొన ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో కనిపిస్తోంది. ఫ్రిజ్‌లో దాచినవైతే ఉడికించకముందే సొన గట్టిపడి రబ్బరు బంతిలా ఉంటోంది. రెండు గుడ్లలో తెల్లసొన లేత గులాబీ రంగులో ఉంది. పెంకులు పట్టుకుంటేనే చిట్లుతున్నాయి. మూడు తోలుగుడ్లు (గట్టి పెంకు లేనివి) కూడా పెట్టాయి. ఒక గుడ్డులో రక్తపు చుక్క కనిపించింది. కోళ్లు మాత్రం హుషారుగానే తిరుగుతున్నాయి. మా అమ్మాయికి ఏడో నెల, పుట్టింటికి తెచ్చుకున్నాం. రోజూ గుడ్డు పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఈ గుడ్లు పెట్టొచ్చా? పోచమ్మకు కోపం వచ్చిందని, కోళ్లన్నీ కోసెయ్యమని మా అత్తమ్మ అంటోంది. మందుల షాపులో యాంటీబయాటిక్ పొడి ఇచ్చి నీళ్లలో కలిపి తాపమన్నారు. ఇంకా కలపలేదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీరు ఆ పొడి ఇంకా కలపకపోవడం చాలా మంచిదైంది. దాన్ని పక్కన పెట్టేయండి. రోగం ఏమిటో తెలియకుండా యాంటీబయాటిక్ ఇస్తే కోడికి మేలు జరగకపోగా ఆ మందు గుడ్డులోకి దిగుతుంది. ఆ గుడ్డు తినబోయేది కడుపుతో ఉన్న మీ అమ్మాయి. పైగా మీరు రాసిన లక్షణాలు చూస్తే మీ కోళ్లకు రోగం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. అవి తినకూడనిదేదో తింటున్నాయి, దాంతోపాటు ఎండకు అలసిపోయాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట బర్రె. మీరు దాన్ని ఊరికే ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు కానీ, నాకు జవాబు అక్కడే దొరికింది. మీ బర్రెకు పత్తి చెక్క, అంటే పత్తి గింజల నూనె తీశాక మిగిలే పిప్పి, పెడుతున్నారా? మీ వైపు పాడి ఉన్న ఇళ్లలో చాలావరకు పెడతారు. పత్తి చెక్క, తవుడు కుడితిలో నానబెట్టి గోలెంలో పోస్తారు. బర్రె తల విసిరినప్పుడల్లా గోలెం చుట్టూ చెక్క చిందుతుంది. ఎండాకాలంలో పచ్చిగడ్డి దొరకదు కాబట్టి చెక్క మోతాదు కాస్త పెంచుతారు. అదే సమయంలో పొలాలు బీడుపడి ఉంటాయి కాబట్టి కోళ్లకు పురుగులు దొరకవు, గింజలు దొరకవు, పచ్చటి ఆకు దొరకదు. అవి రోజంతా నీడ కోసం కొట్టంలోనే ఉండి గోలెం చుట్టూ ఏరుకు తింటాయి. నెల రోజుల నుంచే ఎందుకు ఇలా అవుతోందని మీరు ఆశ్చర్యపోతున్నారు కదా, ఎండలు ముదిరిన రోజులు లెక్కపెట్టి చూడండి.

పత్తి గింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఒకటి ఉంటుంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి పత్తి మొక్క తయారుచేసుకునే విషం అది. బర్రె నెమరువేసే జంతువు. దాని పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు, మేతలోని మాంసకృత్తులు కలిసి గాసిపాల్‌ను చాలావరకు కట్టడి చేస్తాయి. అందుకే తగిన మోతాదులో పెడితే పెద్ద బర్రె దానికి తట్టుకుంటుంది. కోడికి అలాంటి పొట్ట లేదు. కోడి తిన్న గాసిపాల్ రక్తంలో చేరి, అక్కడి నుంచి పచ్చసొనలోకి వెళ్తుంది. పచ్చసొనలో ఇనుము ఎక్కువ. ఆ ఇనుముతో గాసిపాల్ కలిస్తే ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు వస్తుంది.

ఇంకో సంగతి. పెట్టిన రోజే పగలగొడితే ఆ రంగు అంతగా కనిపించకపోవచ్చు. గుడ్డు నిలవ ఉన్నకొద్దీ లోపల మార్పులు జరిగి సొనలోని ఇనుము విడివడుతుంది, అప్పుడు రంగు ముదురుతుంది. మీరు అమ్మాయి కోసమని దాచిపెట్టిన గుడ్లలోనే ఇది ఎక్కువగా కనిపించి ఉంటుంది. నా అనుమానం నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. రేపటి నుంచి ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాయండి. ఒకే కోడి పెట్టిన గుడ్లలో ఒకటి అదే రోజు, ఇంకొకటి పది రోజుల తర్వాత పళ్లెంలో పగలగొట్టి, రెండింటి రంగూ పోల్చి చూడండి. మొదటిది మామూలుగా ఉండి రెండోది నల్లబడితే నా అనుమానం చాలావరకు నిజమే.

సొన రబ్బరు బంతిలా గట్టిపడటం, తెల్లసొన గులాబీ రంగు తిరగడం కూడా పత్తి గింజ పనే. గింజలోని నూనెలో ఒక రకం కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. గింజలు ఆడించి నూనె తీశాక కూడా చెక్కలో కొంత నూనె మిగులుతుంది. ఆ ఆమ్లాలు కోడి ఒంట్లో కొవ్వు తయారయ్యే తీరునే మార్చేస్తాయి. మెత్తగా ఉండాల్సిన కొవ్వు చలికి గడ్డకట్టే కొవ్వవుతుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డులో సొన ముద్దగా ఉంటోంది. పచ్చసొన చుట్టూ ఉండే పలచటి పొర కూడా వీటివల్ల బలహీనపడుతుంది. అప్పుడు సొనలోని ఇనుము తెల్లసొనలోకి జారి, అక్కడి ప్రొటీన్‌తో కలిసి గులాబీ రంగు తెస్తుంది.

అయితే తెల్లసొన గులాబీగా మారడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ప్రమాదకరమైనది. కొన్ని బాక్టీరియాలు చేరి గుడ్డు కుళ్లినప్పుడు కూడా తెల్లసొన గులాబీగానో, ఆకుపచ్చగా మెరుస్తూనో కనిపిస్తుంది. రెండింటికీ తేడా ఇంట్లో తేల్చుకోవడం కష్టం. వాసన రాకపోయినా సరే, తెల్లసొన రంగు మారిన గుడ్డును ఎవరూ తినవద్దు. కోళ్లకూ వేయకండి, గుంట తీసి పూడ్చేయండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి ఇంటికే ఒకసారి వెళ్లాను. కోళ్లను చూశాను, గుడ్లను చూశాను, నట్టల మందు ఇచ్చాను, విటమిన్లు ఇచ్చాను. మూడు వారాల తర్వాత మళ్లీ పిలిచారు, గుడ్లు అలాగే ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం ఆ ఇంటావిడ బర్రెకు కుడితి పెడుతుంటే, కోళ్లన్నీ పరుగెత్తుకొచ్చి గోలెం చుట్టూ చేరాయి. మొదటిసారే పది నిమిషాలు ఆ వాకిట్లో నిలబడి చూసి ఉంటే ఆ కుటుంబానికి మందుల ఖర్చు తప్పేది. అప్పటి నుంచి కోడి గురించి ఎవరు అడిగినా ముందు అది రోజంతా ఎక్కడ తిరుగుతుందో, ఏం ఏరుకుంటుందో అడుగుతాను.

ఇప్పుడు చేయాల్సింది సులువే. కోళ్లకు గోలెం అందకుండా చూడండి. కుడితి పెట్టే పూట వాటిని గంప కింద మూయండి. లేదా కొట్టానికి అడ్డంగా వల కట్టి, రాత్రి పడుకోవడానికి వేరే చోటు చూపించండి. బర్రె తాగడం అయ్యాక గోలెం చుట్టూ ఊడ్చేయండి. చెక్క బస్తా మూతి కట్టి ఎత్తులో పెట్టండి. వీలైతే కొన్నాళ్లు పత్తి చెక్క బదులు పల్లి చెక్క వాడండి, అది కోళ్లు తిన్నా ఈ రంగులు రావు. కాకపోతే బూజు పట్టిన పల్లి చెక్క కోడికీ బర్రెకూ విషమే, చూసి కొనండి.

ఫలితం వెంటనే కనిపించదు, కంగారు పడకండి. కోడి కడుపులో పచ్చసొన ఒక్క రోజులో తయారు కాదు. గుడ్డు పెట్టడానికి ముందు సుమారు పది రోజులపాటు సొన పొరలు పొరలుగా పెరుగుతుంది. అంటే మీరు ఈ రోజు చెక్క మాన్పించినా, వచ్చే వారం పెట్టబోయే గుడ్ల సొన ఇప్పటికే కొంత తయారై ఉంది. ఒంట్లో నిలవున్న గాసిపాల్ కూడా పోవాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి.

ఒక విషయం మాత్రం ఈ రోజే కనుక్కోండి. కోళ్లు తింటున్నది బర్రె చెక్కేనా, లేక విత్తన పత్తి గింజలు కూడానా? జూన్‌లో పత్తి విత్తే రోజులు. ప్యాకెట్‌లో వచ్చే విత్తనాలకు రంగుతోపాటు పురుగుమందు పట్టించి ఉంటుంది. ప్యాకెట్ చింపి వాకిట్లో పెట్టినా, పక్క చేనులో పైపైన విత్తినా కోళ్లు వాటిని తవ్వి తినేస్తాయి. అలాంటి కోడి చనిపోవచ్చు. బతికినా ఆ గుడ్లు, మాంసం తినకూడదు. ఆ అనుమానం ఉంటే మండల పశువైద్యుడికి తప్పకుండా చూపించండి.

ఇక పెంకు సంగతి. ఒక గుడ్డు పెంకు తయారు కావడానికి కోడికి సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. పెంకు కట్టే పని దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రే జరుగుతుంది. నూకలు, మిగిలిన అన్నం, వడ్లు, ఈ మూడింటిలోనూ కాల్షియం దాదాపు లేనట్టే. నాటు కోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టి మధ్యలో పొదుగుతూ విశ్రాంతి తీసుకుంటుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. వనరాజా అలా కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరట్లో పెంచుకోవడానికే తయారుచేసిన రకం అది. ఏడాదికి 100 దాటి పెడుతుంది, గుడ్డూ పెద్దదే. మేత మాత్రం నాటు కోడికి వేసినట్టే వేస్తే, అది తన ఎముకల్లోని కాల్షియం తీసి పెంకు కడుతుంది. అది కూడా చాలనప్పుడు తోలుగుడ్డు పెడుతుంది.

దానికి ఎండ తోడైంది. కోడికి చెమట పట్టదు. వేడి తట్టుకోలేక నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. అందులో కాల్షియం ఎంత ముఖ్యమో, కార్బొనేట్‌కు కావాల్సిన ఈ వాయువూ అంతే ముఖ్యం. వేడికి మేత కూడా తగ్గిస్తుంది. 42 డిగ్రీల ఎండలో ఎంత మంచి కోడైనా పలచటి పెంకే పెడుతుంది. వానలు పడి చల్లబడితే సగం సమస్య దానంతటదే తగ్గుతుంది.

మిగతా సగానికి ఆల్చిప్పల పొడి గానీ, నత్తగుల్లల పొడి గానీ తెచ్చుకోండి. కోళ్ల దాణా అమ్మే దుకాణాల్లో షెల్ గ్రిట్ అని అడిగితే ఇస్తారు. మెత్తటి పిండి వద్దు, గరుకుగా రవ్వలా ఉన్నది తీసుకోండి. గరుకుది కోడి పొట్టలో నెమ్మదిగా కరిగి, పెంకు కట్టే రాత్రి సమయంలో అందుతుంది. మేతలో కలపకుండా వేరే చిప్పలో పోసి సాయంత్రం పూట అందుబాటులో ఉంచండి. ఎంత కావాలో అంతే తినడం కోడికి తెలుసు. ఇంట్లో వాడిన గుడ్డు పెంకుల్ని పెనం మీద బాగా వేయించి నలగ్గొట్టి వేయవచ్చు. అవి మాత్రమే సరిపోవు, ఎందుకంటే తిన్న కాల్షియం మొత్తం ఒంటికి పట్టదు. పెంకు ముక్క పెంకులా కనిపించకుండా నలగ్గొట్టండి, లేకపోతే కోడి గుడ్డును పొడుచుకు తినడం నేర్చుకుంటుంది. చిట్లిన గుడ్డును గూట్లో వదిలేసినా అదే అలవాటు పడుతుంది, కాబట్టి రోజుకు రెండు పూటలా గుడ్లు తీసేయండి.

చాలామంది సున్నపు తేట తాపితే చాలంటారు. లీటరు నీళ్లలో 2 గ్రాముల సున్నం కూడా కరగదు. కోడి రోజంతా తాగేది పావు లీటరు నీళ్లు. గుడ్డుకు కావాల్సిన కాల్షియంలో దాదాపు పదో వంతే అలా అందుతుందని లెక్క వేస్తే తెలుస్తుంది. అడుగున పేరుకున్న సున్నం కలిసిపోతే కోడి నోరు, గొంతు పుండు పడతాయి. ఆ పని చేయకండి. మట్టి చిప్పల్లో చల్లటి నీళ్లు నీడలో పెట్టి మధ్యాహ్నం రెండుసార్లు మార్చండి. మేత తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వేయండి. నూకల్లో సగం తగ్గించి ఆ స్థానంలో మొక్కజొన్న రవ్వ, కొద్దిగా లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) దాణా కలపండి. కోడిమాంసం దుకాణాల వాళ్ల దగ్గర మిగిలిన బ్రాయిలర్ దాణా చౌకగా వస్తోందని తేవద్దు. అందులో కాల్షియం తక్కువ, పైగా గుడ్డు కోళ్లకు పెట్టకూడని మందులు కలిసి ఉండొచ్చు.

రక్తపు చుక్క చూసి మీరు భయపడినట్టున్నారు. సొన విడుదలయ్యేటప్పుడు సన్నటి రక్తనాళం ఒకటి తెగితే అలా వస్తుంది. అది పిల్ల కట్టిన గుర్తు కాదు, రోగం కాదు. చెంచా మొనతో తీసేసి వండుకోవచ్చు. ప్రతి రెండు మూడు గుడ్లకూ ఒకటి అలా వస్తుంటే మాత్రం పచ్చటి మేత చాలకపోవడం ఒక కారణం కావచ్చు. మునగాకు, తోటకూర, అవిశాకు గుత్తిగా కట్టి కోడి ఎగిరి పొడుచుకునే ఎత్తులో వేలాడదీయండి. పసుపుపచ్చటి సొన కూడా వీటివల్లే తిరిగి వస్తుంది. పత్తి చేను గట్ల మీది ఆకు మాత్రం కోసుకురావద్దు, మందు పిచికారీ దాని మీద కూడా పడి ఉంటుంది.

మీ అమ్మాయి సంగతికి వస్తాను, ఎందుకంటే మీ మనసంతా అక్కడే ఉందని తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఒకటి రెండు అలాంటి గుడ్లు తిని ఉంటే గుండెలు బాదుకోకండి. గుడ్డులోకి చేరే గాసిపాల్ చాలా కొద్ది. కానీ కడుపుతో ఉన్న మనిషి విషయంలో నేను అనుమానానికి చోటివ్వను. కోళ్లు సరిగ్గా ఏం తిన్నాయో తేలేదాకా, మీ ఇంటి గుడ్లు మామూలు రంగుకు వచ్చేదాకా అమ్మాయికి అంగడి గుడ్లే పెట్టండి. ఇంటి గుడ్డంత బలం వాటిలో ఉండదేమో అని మనసులో పెట్టుకోకండి. ప్రొటీన్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. నీళ్లలో వేస్తే అడుగున పడుకునే గుడ్డు తాజాది, పైకి తేలేది పారేయాల్సిందే. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడికించండి. గర్భిణికి హాఫ్ బాయిల్ వద్దే వద్దు. ఉడికిన గుడ్డులో సొన చుట్టూ సన్నగా బూడిదపచ్చ వలయం కనిపిస్తే దాన్ని చూసి భయపడకండి, అది ఎక్కువసేపు ఉడికిందని మాత్రమే. ఆమె డాక్టరమ్మకు కూడా ఈ సంగతంతా ఒకసారి చెప్పండి.

నేను ఉత్తరం చదివి చెబుతున్నానే తప్ప కోళ్లను చూడలేదు. అందుకని ఒక హెచ్చరిక. గుడ్లు ఒక్కసారిగా సగానికి పడిపోవడం, పెంకు ముడతలు పడి గరుకుగా రావడం, తెల్లసొన నీళ్లలా పారడం, కోళ్లు గురగురమనడం, ఆకుపచ్చగా పారడం, మెడ తిప్పడం, వీటిలో ఏది కనిపించినా అది మేత సమస్యే అనుకుని ఊరుకోకండి. కొక్కెర తెగులో, అలాంటి మరో వైరస్సో కావచ్చు. వెంటనే పశువైద్యుడిని పిలవండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. కోళ్లు ఉన్నట్టుండి వరసగా చనిపోతే వాటిని చేత్తో తాకకండి, కోసి వండకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టం జరిగిందో మీరూ విని ఉంటారు. కొక్కెర తెగులు టీకా వేయించి ఆరు నెలలు దాటితే డాక్టరు వచ్చినప్పుడు దాని గురించి కూడా అడగండి.

మీ అత్తమ్మగారిని తప్పుపట్టకండి. ఇంట్లో పురుడు జరగబోయే సమయంలో గుడ్డు నల్లబడితే పెద్దవాళ్ల మనసు అలాగే కీడు శంకిస్తుంది. బోనాల నాడు పోచమ్మ మొక్కు మీ ఇంటి ఆనవాయితీ ప్రకారం తీర్చుకోండి. కానీ భయంతో తొమ్మిది కోళ్లనూ ఇప్పుడే కోసెయ్యవద్దని చెప్పండి. వాటి ఒంట్లో ఇప్పుడు ఏముందో తేలకుండా ఆ మాంసం కూడా తినకపోవడమే మంచిది. ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి, సాయంత్రం కుడితి పెట్టేటప్పుడు కోళ్లు ఎక్కడికి పరుగెడతాయో చూపించండి. తేదీ రాసిన రెండు గుడ్లను ఆవిడ చేతే పగలగొట్టించండి.

నాటు కోళ్లలో ఏదైనా ఇప్పుడు పొదుగుకు వస్తే దాని కింద ఈ నెల గుడ్లు పెట్టకండి. పత్తి చెక్క తిన్న కోళ్ల గుడ్లలో పిల్ల లోపలే చనిపోవడం ఎక్కువ, పొదిగే తల్లి ఇరవై ఒక్క రోజులు ఊరికే ఎండిపోతుంది. సొన రంగు పూర్తిగా మామూలైనాక పెట్టిన గుడ్లను, పెంకు గట్టిగా ఉన్నవాటిని ఏరి ఆషాఢం వానలు కుదురుకున్నాక పొదగేయండి. ఏడో రోజు రాత్రి చీకట్లో ఫోన్ టార్చి గుడ్డు వెనక పెట్టి చూస్తే, ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించినవి ఉంచి, కనిపించనివి తీసేయవచ్చు.